లండన్ ట్యూబ్ మ్యాప్ చూసి రూమ్ తీసుకుంటే ఏమవుతుంది?

మా ఫ్రెండ్ ఒకడు ఎంఎస్ కోసం లండన్ వెళ్లాడు. రూమ్ వెతికేటప్పుడు ట్యూబ్ మ్యాప్, అంటే అక్కడి అండర్‌గ్రౌండ్ రైలు మ్యాప్, ముందు పెట్టుకున్నాడు. "కాలేజీకి ఏడు స్టాపులే రా, దగ్గరే" అని అడ్వాన్స్ కట్టేశాడు. చేరాక తెలిసింది, రోజూ రైల్లోనే బోలెడంత టైమ్ పోతోందని. మరి తప్పు ఎవరిది?

అసలు ఆ మ్యాప్ దూరాలు చూపించడానికి గీసింది కాదు. 1920ల్లో ట్యూబ్ మ్యాప్‌లు ఊరి ఆకారాన్నిబట్టే ఉండేవి. సిటీ మధ్యలో స్టేషన్లన్నీ ఇరుకుగా, శివార్లలో దూరదూరంగా. పేర్లు చదవడమే కష్టం. సిగ్నల్స్ విభాగంలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసిన హ్యారీ బెక్ 1931లో కొత్త డిజైన్ గీశాడు. అడ్డం, నిలువు, 45 డిగ్రీల ఏటవాలు గీతలు, అంతే. స్టేషన్ల మధ్య గ్యాప్ దాదాపు సమానం. ముందు వద్దన్నారు. 1933లో అచ్చు వేస్తే జనం ఎగబడి తీసుకున్నారు.

బీటెక్‌లో గ్రాఫ్స్ చదివాం కదా? నోడ్‌లు, ఎడ్జ్‌లు. ఏది దేనికి కలిసిందన్నదే ముఖ్యం, ఎడ్జ్ ఎంత పొడవు గీశామన్నది కాదు. బెక్ మ్యాప్ అచ్చం అదే.

ఇప్పుడు నిజం దూరాలు చూడండి. లెస్టర్ స్క్వేర్ నుంచి కోవెంట్ గార్డెన్‌కి సుమారు 260 మీటర్లు. శివార్లలో చాల్‌ఫాంట్ నుంచి చెషమ్‌కి 6 కిలోమీటర్ల పైనే. రెండూ ఒక్క స్టాపే! ఇంకోటి: బేస్‌వాటర్, క్వీన్స్‌వే స్టేషన్లు ఒకే వీధిలో ఉంటాయి, కొన్ని నిమిషాల నడక. రైల్లో వెళ్లాలంటే మాత్రం నాటింగ్ హిల్ గేట్ దాకా పోయి, లైన్ మారి వెనక్కి రావాలి. తెలియనివాళ్లు టికెట్ డబ్బులు పోసి మరీ తిరుగుతారు.

మరి అసలు దూరాలతో మ్యాప్ లేదా? ఉంది. లండన్ రవాణా సంస్థ దగ్గర ఉన్న అలాంటి మ్యాప్, ఒకరు సమాచార హక్కు కింద అడిగితే 2015లో బయటికొచ్చింది. అందులో లైన్లు వంకర్లు తిరుగుతూ, మధ్యలో చిక్కుపడ్డ దారంలా ఉంటాయి. దాన్ని చూస్తూ ఎక్కడ రైలు మారాలో వెతకాలంటే తల తిరుగుతుంది. కానీ ఏది ఎక్కడుందో మాత్రం కరెక్టుగా చెప్తుంది.

కాబట్టి ఏ లైన్ ఎక్కాలి, ఎక్కడ మారాలి అంటే బెక్ తరహా మ్యాప్. ఎంత దూరం, నడిచిపోవచ్చా, రూమ్ ఎక్కడ తీసుకోవాలి అంటే అసలు మ్యాప్. మీ వాళ్లెవరైనా లండన్ వెళ్తుంటే, అడ్వాన్స్ కట్టకముందే ఈ ఎపిసోడ్ పంపించండి.