ఎల్.ఇ.డి. టార్చిలైటు

ఎల్.ఇ.డి. టార్చిలైటు అనగా కాంతి ఉద్గార డయోడుతో (ఎల్.ఇ.డి.) వెలుగు, బ్యాటరీతో నడుచు చేతిదీపము. తెలంగాణ పల్లెలలో దీనిని బ్యాటరీ లైటు అని, కొన్ని చోట్ల క్లుప్తముగా బ్యాటరీ అని కూడా అంటారు. పాత రకపు టార్చిలైటులో ఉండే తీగ బల్బు స్థానములో ఎల్.ఇ.డి. రావడము వలన టార్చిలైటు సన్నబడినది, ధర తగ్గినది, సెల్లులు ఎక్కువ కాలము వచ్చుచున్నవి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వంటి వ్యవసాయ ప్రాంతములలో రాత్రివేళ పొలమునకు వెళ్ళు రైతులకు ఇది ప్రాణరక్షణకు సంబంధించిన వస్తువు.

చరిత్ర

జర్మనీకి చెందిన కార్ల్ గాస్నర్ 1880వ దశకములో పొడి బ్యాటరీని రూపొందించాడు. ద్రవము ఒలకని బ్యాటరీ వచ్చిన తరువాతనే చేతిలో పట్టుకొని తిరిగే విద్యుత్ దీపము సాధ్యమైనది. గొట్టము ఆకారము గల టార్చిలైటుకు 1899లో డేవిడ్ మిసెల్ అమెరికా పేటెంటు పొందాడు. ఆ తరువాత దాదాపు నూరు సంవత్సరములు టార్చిలైటు స్వరూపము పెద్దగా మారలేదు. లోహపు గొట్టములో రెండు లేదా మూడు పెద్ద సెల్లులు, ముందు భాగమున చిన్న బల్బు, దాని చుట్టూ మెరిసే గిన్నె వంటి పరావర్తకము, పక్కన జరుపుడు స్విచ్చి ఉండేవి. భారతదేశములో ఎవరెడీ, జీప్ పేర్లతో ఇటువంటి టార్చిలు విరివిగా అమ్ముడుపోయినవి. నిప్పో బ్యాటరీలు తెలుగువారికి బాగా పరిచయము.

ఎరుపు కాంతినిచ్చు ఎల్.ఇ.డి.ని 1962లో నిక్ హోలోన్యాక్ తయారు చేశాడు. అది రేడియోలలో, గడియారములలో సూచిక దీపముగా మాత్రమే ఉపయోగపడినది. తెల్లని వెలుతురుకు నీలి కాంతి అవసరము. 1993లో జపానులోని నిచియా సంస్థలో షుజి నకమురా ప్రకాశవంతమైన నీలి ఎల్.ఇ.డి.ని సాధించాడు. దానిపై పసుపు కాంతినిచ్చు ఫాస్ఫరు పూత పూయగా 1996లో తెల్ల ఎల్.ఇ.డి. మార్కెట్టులోకి వచ్చినది. నీలి ఎల్.ఇ.డి. ఆవిష్కరణకు గాను ఇసాము అకసాకి, హిరోషి అమానో, షుజి నకమురా 2014లో భౌతిక శాస్త్రములో నోబెల్ బహుమతి పొందారు.

2003లో విడుదలైన నోకియా 1100 మొబైల్ ఫోనులో పై అంచున చిన్న ఎల్.ఇ.డి. టార్చి ఉండేది. భారతదేశపు పల్లెలలో ఆ ఫోను ఆదరణ పొందుటకు ఈ దీపము కూడా ఒక కారణము. ఒక్క చిన్న ఎల్.ఇ.డి. వెలుగు ఇంటి అవసరములకు చాలునని చాలా మందికి తెలిసినది ఆ ఫోను ద్వారానే.

పనిచేయు విధానము

తీగ బల్బులో టంగ్‌స్టన్ తీగ వేడెక్కి వెలుగుతుంది. విద్యుత్తులో అత్యధిక భాగము వేడిగానే పోతుంది. ఎల్.ఇ.డి.లో అర్ధవాహకపు పొరల మధ్య ఎలక్ట్రాన్లు, రంధ్రములు కలిసినప్పుడు నేరుగా కాంతి పుడుతుంది. అందువలన ఒక వాటు విద్యుత్తుకు తీగ బల్బు ఇచ్చే వెలుతురు కంటె ఎల్.ఇ.డి. ఇచ్చే వెలుతురు అనేక రెట్లు ఎక్కువ. తీగ లేదు గనుక టార్చి కింద పడినా ఎల్.ఇ.డి. సాధారణముగా పాడవదు.

తెల్ల ఎల్.ఇ.డి. వెలుగుటకు సుమారు 3 వోల్టులు కావలెను. సాధారణ సెల్లు 1.5 వోల్టులు మాత్రమే ఇస్తుంది. కాబట్టి చవక టార్చిలలో మూడు సెల్లులు వరుసగా కలిపి 4.5 వోల్టులు ఇస్తారు. ఒకటి లేదా రెండు సెల్లులతో పనిచేయు టార్చిలో వోల్టేజిని పెంచు చిన్న సర్క్యూటు ఉంటుంది. ఈ సర్క్యూటు ఉన్న టార్చి సెల్లు బలహీనపడినా చాలా వరకు ఒకే వెలుతురు ఇస్తుంది. సర్క్యూటు లేని టార్చి వెలుతురు మొదటి గంట నుండే క్రమముగా తగ్గుతూ పోతుంది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములో ఉపయోగము

ఈ మూడు పట్టణములు 2016 అక్టోబరు వరకు కరీంనగర్ జిల్లాలో ఉండేవి. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజనలో జగిత్యాల జిల్లా, సిరిసిల్ల కేంద్రముగా రాజన్న సిరిసిల్ల జిల్లా ఏర్పడినవి. కోరుట్ల జగిత్యాల జిల్లాలో చేరినది. వరి, మొక్కజొన్న, పసుపు, మామిడి జగిత్యాల, కోరుట్ల ప్రాంతపు ముఖ్య పంటలు. సిరిసిల్ల మరమగ్గములకు ప్రసిద్ధి. కాలువ నీరు అందని భూములకు బావులు, బోర్లే ఆధారము. అందువలన సేద్యము కరెంటుపై ఆధారపడి ఉన్నది.

సిరిసిల్లలో సహకార విద్యుత్ సరఫరా సంఘము (సెస్) 1970లో పని ప్రారంభించినది. గ్రామీణ విద్యుదీకరణ కొరకు దేశములో మొదటగా ఏర్పడిన కొద్ది సహకార సంఘములలో ఇది ఒకటి. కరెంటు మోటార్లు పెరిగిన కొద్దీ సరఫరాపై భారము పెరిగినది. 2004లో ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు ప్రకటించారు. అయితే త్రీఫేజ్ కరెంటు రోజుకు కొన్ని గంటలు మాత్రమే, అదియు విడతలుగా వచ్చేది. ఒక విడత తరచుగా అర్ధరాత్రి తరువాత ఉండేది. కరెంటు వచ్చిన వేళకు పొలములో ఉండి మోటారు వేయకపోతే ఆ రోజు మడి తడవదు. అందుచేత రైతు ఒంటరిగా, చీకటిలో, ఒక చేత టార్చి, మరొక చేత కర్ర పట్టుకొని గట్ల వెంట నడిచేవాడు.

2018 జనవరి 1 నుండి తెలంగాణలో వ్యవసాయమునకు 24 గంటల ఉచిత విద్యుత్తు ప్రారంభమైనది. దీనితో అర్ధరాత్రి మోటారు వేయవలసిన అవసరము చాలా వరకు తగ్గినది. అయినప్పటికీ తెల్లవారుజామున నీరు కట్టుటకు, తెగిన గట్టు వేయుటకు, మొక్కజొన్న చేనులో అడవిపందుల కావలికి, ఎండబోసిన ధాన్యము వద్ద కాపలాకు టార్చిలైటు కావలసినదే. మరమగ్గముల షెడ్డులో కరెంటు పోయినప్పుడు యంత్రముల మధ్య నుండి క్షేమముగా బయటకు వచ్చుటకు కూడా ఇది అవసరము.

ఈ ప్రాంతము నుండి చాలా మంది గల్ఫ్ దేశములకు వలస వెళ్ళారు. సెలవులకు వచ్చినప్పుడు వారు తెచ్చే వస్తువులలో టార్చిలైటు ఒకటి.

పాముకాటు, విద్యుదాఘాతము

2020లో ప్రచురితమైన ఒక అధ్యయనము ప్రకారము 2000 నుండి 2019 వరకు భారతదేశములో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది మరణించారు. ఇది సగటున ఏడాదికి 58,000. మరణములలో దాదాపు సగము జూన్ నుండి సెప్టెంబరు వరకు, అనగా వానకాలపు సాగు సమయములో సంభవించినవి. మరణములు ఎక్కువగా గల రాష్ట్రములలో తెలంగాణతో కూడిన ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ ఒకటి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుక పింజరి దేశములో ప్రధానమైన విషసర్పములు. వీటిలో కట్లపాము ముఖ్యముగా రాత్రివేళ తిరుగుతుంది. రక్తపింజరి గడ్డిలో కదలక పడి ఉండి, తొక్కినప్పుడు కాటు వేస్తుంది.

చీకటిలో నడుచునప్పుడు టార్చి వెలుతురును దూరమునకు కాక, అడుగు వేయబోవు నేలపై రెండు మూడు మీటర్ల మేర వేయవలెను. ఇందుకు మిక్కిలి శక్తివంతమైన టార్చి అవసరము లేదు, వెలుతురు వెడల్పుగా పరచుకొంటే చాలును. దానితో పాటు మడమలు కప్పు బూట్లు, చేతికర్ర ఉండవలెను. స్టార్టరు డబ్బా తెరచు ముందు దాని లోపల, చుట్టుపక్కల వెలుతురు వేసి చూడవలెను. పాములు, తేళ్ళు అక్కడ చేరుతాయి. తడి చేతులతో, తడి నేలపై నిలబడి డబ్బాను తాకరాదు. తెగిన తీగలు కూడా వెలుతురులోనే కనబడతాయి.

పాము కాటు వేసినచో గాయమును కోయుట, నోటితో పీల్చుట, గట్టిగా కట్టు కట్టుట చేయరాదు. కాటు పడిన అవయవమును కదల్చకుండా, 108 అంబులెన్సును పిలిచి, విషమునకు విరుగుడు మందు గల ఆసుపత్రికి వెంటనే తీసుకొని వెళ్ళవలెను.

సన్నని టార్చిలలో రకములు

టార్చి మందము దానిలోని సెల్లు వ్యాసమును బట్టి ఉంటుంది. అంగీ జేబులో పట్టునది, లుంగీ మడతలో దోపుకొనదగినది అయినప్పుడే మనిషి దానిని ఎల్లప్పుడు వెంట ఉంచుకొంటాడు. బరువుగా ఉన్న టార్చి ఇంట్లో గూటిలోనే ఉండిపోతుంది.

* ట్రిపుల్ ఏ సెల్లు: వ్యాసము 10.5 మి.మీ., పొడవు 44.5 మి.మీ. దీనితో చేసిన టార్చి కలము వలె ఉంటుంది. ఆల్కలైన్ రకములో సామర్థ్యము సుమారు 1000 మిల్లీ ఆంపియర్ అవర్లు.
* డబుల్ ఏ సెల్లు: వ్యాసము 14.5 మి.మీ., పొడవు 50.5 మి.మీ. గోడ గడియారములలో వాడునది ఇదే. ఆల్కలైన్ రకములో సామర్థ్యము సుమారు 2500 మిల్లీ ఆంపియర్ అవర్లు. ఏ పల్లె కిరాణా దుకాణములోనైనా దొరుకుతుంది.
* 18650 లిథియం సెల్లు: వ్యాసము 18 మి.మీ., పొడవు 65 మి.మీ. వోల్టేజి 3.7. మరల మరల ఛార్జి చేయవచ్చును.
* డి సెల్లు: వ్యాసము సుమారు 34 మి.మీ. పాత టార్చిలలో వాడునది. ఎక్కువ కాలము వస్తుంది కాని బరువు.

ట్రిపుల్ ఏ సెల్లులు మూడింటిని పక్కపక్కన పెట్టిన టార్చి లావుగా ఉంటుంది. రెండింటిని ఒకదాని వెనుక ఒకటి పెట్టిన టార్చి సన్నగా ఉంటుంది.

బ్యాటరీ మన్నిక లెక్క

రెండు ట్రిపుల్ ఏ ఆల్కలైన్ సెల్లులు గల టార్చిని తీసుకొంటే, ఒక్కొక్క సెల్లు సగటు వోల్టేజి 1.2గా లెక్కించగా రెండింటి శక్తి 2.4 వాట్ అవర్లు. ఎల్.ఇ.డి. 3.2 వోల్టుల వద్ద 20 మిల్లీ ఆంపియర్లు తీసుకొంటే దాని వాడకము 0.064 వాట్లు. సర్క్యూటులో పోవు నష్టము కలుపుకొని 0.08 వాట్లు. 2.4ను 0.08తో భాగించగా 30 గంటలు వస్తుంది. రోజుకు గంట చొప్పున ఇది నెల రోజులు. అవే సెల్లులతో ఒక వాటు ఎల్.ఇ.డి.ని వెలిగిస్తే రెండు గంటలు కూడా రాదు. డబుల్ ఏ సెల్లులు వాడితే మందము 4 మి.మీ. మాత్రమే పెరుగుతుంది, వెలుగు కాలము 30 గంటల నుండి 75 గంటలకు పెరుగుతుంది. అందువలన సన్నదనము, చవక, మన్నిక మూడూ కావలసిన వారికి రెండు డబుల్ ఏ సెల్లుల టార్చి మేలైనది.

ఖర్చు విషయములో టార్చి ధర కంటె సెల్లుల ఖర్చే ముఖ్యము. జత ఆల్కలైన్ ట్రిపుల్ ఏ సెల్లులు రూ. 50 అనుకొంటే పై టార్చికి గంటకు సుమారు రూ. 1.70 అవుతుంది. ఛార్జి చేయదగిన నికెల్ సెల్లుల జత, ఛార్జరు కలిపి రూ. 500 అనుకొంటే, పది జతల సాధారణ సెల్లుల ధర అవుతుంది. అనగా 300 గంటల వాడకముతో, 13 సార్లు ఛార్జి చేయుటతో ఆ సొమ్ము తిరిగి వస్తుంది. మంచి నికెల్ సెల్లులు వందల సార్లు ఛార్జికి నిలుస్తాయి.

కొనునప్పుడు గమనించవలసినవి

* అట్టపెట్టెపై ముద్రించిన గంటలను యథాతథముగా నమ్మరాదు. 2009లో అమెరికాలో వచ్చిన ఎఫ్.ఎల్.1 ప్రమాణము ప్రకారము వెలుతురు మొదటి దానిలో 10 శాతమునకు తగ్గు వరకు పట్టు కాలమే వెలుగు కాలము. చివరి గంటలలో వెలుతురు చాలా తక్కువగా ఉండవచ్చును.
* అదే ప్రమాణములో వెలుతురు దూరము అనగా కాంతి 0.25 లక్సులకు, అనగా ఇంచుమించు పున్నమి వెన్నెలంత స్థాయికి తగ్గు దూరము.
* తక్కువ, ఎక్కువ అను రెండు స్థాయిలు గల టార్చి మేలు. నడకకు తక్కువ స్థాయి సరిపోతుంది.
* ఐ.పి.ఎక్స్.4 గుర్తు గలది వాన చినుకులకు తట్టుకొంటుంది. ఐ.పి.ఎక్స్.7 గుర్తు గలది మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకొంటుంది. నాట్ల కాలములో మడిలో జారిపడే అవకాశము ఉన్నందున ఇది ఉపయోగకరము.
* ప్రసిద్ధ సంస్థల 18650 సెల్లుల సామర్థ్యము సాధారణముగా 2000 నుండి 3500 మిల్లీ ఆంపియర్ అవర్ల మధ్య ఉంటుంది. 9900 అని ముద్రించిన సెల్లు నమ్మదగినది కాదు.

ఛార్జింగ్ టార్చిలు, జాగ్రత్తలు

వెనుక భాగమున పిన్నులు గల, నేరుగా గోడ ప్లగ్గులో పెట్టే చవక టార్చిలలో తరచుగా చిన్న సీసపు ఆమ్ల బ్యాటరీ ఉంటుంది. దీనిని పూర్తిగా ఖాళీ అయిన స్థితిలో వదిలివేస్తే పలకలపై సల్ఫేటు గట్టిపడి కొద్ది నెలలలోనే పనికిరాకుండా పోతుంది. కాబట్టి వాడకపోయినను నెలకొకసారి ఛార్జి చేయవలెను. వీటిలో కొన్నింటికి ట్రాన్స్‌ఫార్మరు ఉండదు. ప్లగ్గులో ఉన్నంత సేపు లోపలి భాగములలో ఇంటి కరెంటు ప్రవహిస్తుంది. ఛార్జి అగుచుండగా టార్చిని వెలిగించుట, విప్పుట ప్రమాదకరము. పగిలిన టార్చిని ప్లగ్గులో పెట్టరాదు.

మామూలు సెల్లులలో పాతవి, కొత్తవి కలిపి వేయరాదు. చాలా కాలము వాడనప్పుడు సెల్లులను తీసివేయవలెను, లేనిచో ద్రవము కారి లోపలి స్ప్రింగు తుప్పు పడుతుంది. వాడిన బ్యాటరీలను పొలములో, బావిలో, పొయ్యిలో వేయరాదు. 2022లో కేంద్ర ప్రభుత్వము జారీ చేసిన బ్యాటరీ వ్యర్థముల నిర్వహణ నిబంధనల ప్రకారము వాడిన బ్యాటరీలను సేకరించి శుద్ధి చేయించు బాధ్యత తయారీదారులపై ఉన్నది.