ఓడ జాబితాల్లో మన ఊళ్ల పేర్లు ఎలా చదవాలి?

పై కులాల కుటుంబం తన పుట్టుపూర్వోత్తరాలు రాసుకోవాలంటే దానపత్రాలుంటాయి, ఇనాం రికార్డులుంటాయి, భూమి పట్టాలుంటాయి. మాల, మాదిగ కుటుంబాలకు ఇవి దాదాపు లేవు. భూమే లేనివాడికి పట్టా ఎక్కడిది? అయితే మనవాళ్ల పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు వరుసగా రాసి ఉంచిన కాగితాలు ఒకచోట ఉన్నాయి. అవి కూలి ఓడల జాబితాలు. మన మేలు కోరి ఎవరూ వాటిని రాయలేదు. ఎవడు ఏ తోటకు ఎన్నేళ్లు కట్టుబడ్డాడో లెక్క చూసుకోడానికి రాసుకున్నారు. అయినా అవి మనకు పనికొస్తాయి.

1860 నవంబర్ 16న ‘ట్రూరో’ ఓడ మద్రాసు నుంచి 342 మందితో దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరింది. 1911లో ఈ పద్ధతి ఆగేదాకా నేటాల్‌కు వెళ్లినవాళ్లు మొత్తం 1,52,184 మంది. అందులో ఎక్కువమంది మద్రాసు నుంచే ఓడెక్కారు. విశాఖపట్నం, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్లు వాళ్లలో ఉన్నారు. జాబితాలో సాధారణంగా మన ఇంటిపేరు కనపడదు. ఓడ దిగాక కులం బిరుదులే ఎన్నో ఇళ్లకు ఇంటిపేర్లయ్యాయి. కాబట్టి వాళ్ల మునిమనవళ్లకు మూలం దొరకాలంటే ఊరి పేరే ముఖ్యమైన ఆధారం. ఆ పేరే చదవడానికి కొరకరాని కొయ్య.

ముందు జిల్లా చూడాలి. అదీ ఇప్పటి జిల్లా కాదు, ఓడెక్కిన ఏటి జిల్లా. గంజాం అనగానే ఒరిస్సావాళ్లు అనుకోకూడదు. 1936 దాకా శ్రీకాకుళం తాలూకా గంజాంలోనే ఉంది. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకుముందు దానిలో పెద్ద భాగం ఉత్తర ఆర్కాటు. గుంటూరు జిల్లా 1904లో పుట్టింది. 2022లో జిల్లాలు 26 అయ్యాక ఈ చిక్కు ఇంకా పెరిగింది.

తర్వాత తాలూకా. చికాకోల్ అంటే శ్రీకాకుళం, కోకనాడ అంటే కాకినాడ, ఎల్లూర్ అంటే ఏలూరు, బిమ్లిపటం అంటే భీమునిపట్నం. విశాఖపట్నం జిల్లా కింద ‘గోల్గొండ’ అని ఉంటే హైదరాబాదు గోల్కొండ వైపు పరిగెత్తకండి. అది నర్సీపట్నం దగ్గరి గొలుగొండ.

ఇక ఊరు. చెప్పినవాడికి చదువు లేదు, రాసినవాడికి ఆ ఊరు తెలీదు. చెవికి ఎలా వినపడితే అలా ఇంగ్లీషులో పెట్టేశాడు. ఇంగ్లీషులో త, ట ఒకటే. ద, డ ఒకటే. దీర్ఘం ఉందో లేదో తెలీదు. అందుకే కంటితో కాదు, నోటితో చదవాలి. ఉదాహరణకు ‘కొటపలి’ అన్నట్టు రాసి ఉందనుకుందాం. అది కొత్తపల్లి కావచ్చు, కోటపల్లి కావచ్చు. చేతిరాతలో ‘ఎన్’ అక్షరం ‘యు’లా, ‘ఎ’ అక్షరం ‘ఓ’లా కనపడుతుంది. అదే గుమస్తా అదే పేజీలో తెలిసిన పేర్లను ఎలా రాశాడో చూసి పోల్చుకోవాలి. ఆ తర్వాత ఆ తాలూకా గ్రామాల జాబితా, పాత మ్యాపు పక్కన పెట్టుకోవాలి. కొత్తపల్లులు జిల్లాకు ఎన్నో ఉంటాయి గనక తాలూకా తేలకుండా ఊరు తేల్చకూడదు. రెండు ఊళ్లు సరిపోతే రెండూ రాసుకోవాలి. రికార్డులో ఉన్న రాతను దిద్దకుండా, మనం చదివినదాన్ని దాని పక్కన వేరుగా రాయాలి.

కులం గడిని కూడా జాగ్రత్తగా చూడాలి. మద్రాసు దొరలు ‘పరయా’ అన్న తమిళ మాటను అంటరాని కులాలన్నిటికీ వాడేవాళ్లు. ఆ మాట చూసి తమిళ కుటుంబమని తేల్చేస్తే తెలుగు మాలలు, మాదిగలు లెక్కలోంచి జారిపోతారు.

ఇంతా చేసి ఊరు దొరికినా, దొరికింది ఊరే. మనవాళ్లు ఉన్నది ఊళ్లో కాదు కదా! మాలపల్లె, మాదిగగూడెం, పేట, వాడ అనేవి ప్రభుత్వ గ్రామాల జాబితాకు ఎక్కలేదు. రెవెన్యూ గ్రామం పేరు కిందే అవి మాయమయ్యాయి. డర్బన్ నుంచి వచ్చిన మనిషి రచ్చబండ దగ్గర తన ముత్తాత పేరు చెప్పి అడిగితే ఎవరూ ఎరగమంటారు. నిజమే, వాళ్లెరగరు. అడగాల్సింది పల్లెలో ముసలమ్మలను.

ఇప్పుడు మన వాడలు చాలా చోట్ల అంబేడ్కర్ కాలనీలు, అంబేడ్కర్ నగర్లు అయ్యాయి. అది మన ఆత్మగౌరవం, మార్చుకోవాల్సిందే. కానీ పాత పేరు కూడా ఒక నోటుపుస్తకంలో ఉండాలి. మండలంలో పనిచేసే టీచర్లు, సంఘాల మిత్రులు ప్రతి ఊరికీ ఆనుకుని ఉన్న పల్లె పేరు, పాత పేరు, అక్కడి ఇంటిపేర్లు, ‘ఓడెక్కి పోయిండు’ అని చెప్పుకునే మనుషుల పేర్లు రాసి పెట్టండి. ఓడ జాబితాలు అటు నేటాల్ ఆర్కైవ్సులో ఉన్నాయి. వాటికి జత కలిసే జాబితా ఇటు మనం తయారు చేసుకోవాలి. దాన్ని చెప్పగలిగే వాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు.