ఓడిన షికమారుకే ప్రమోషన్!

షికమారు ఓడిపోయాడు. ప్రమోషన్ మాత్రం అతనికే వచ్చింది.

‘నరుటో’ చూసినవాళ్లకి ఈ ముక్క చాలు, ఏ పోటీయో గుర్తొచ్చేస్తుంది. చూడనివాళ్ల కోసం కాస్త వివరంగానే చెప్తా. ప్లేస్‌మెంట్ సీజన్‌లో ఉన్న మీకు ఆ ఒక్క ఫైట్‌లో పనికొచ్చే సంగతులు చాలా ఉన్నాయి. ‘ఈ వయసులో ఇంకా బొమ్మల సినిమాలేంట్రా’ అని ఇంట్లో ఎవరైనా అంటే ఈ పేజీ చేతిలో పెట్టండి.

ఆ కథలో నింజాలకి చూనిన్ అనే హోదా ఉంటుంది. మన లెక్కలో ట్రైనీ నుంచి టీమ్ లీడ్ అవ్వడం. దానికో పరీక్ష. చివరి రౌండ్‌లో స్టేడియం నిండా జనం, ఊరి పెద్దలు, బయటి దొరలు చూస్తుండగా ఇద్దరిద్దరు తలపడాలి. షికమారుకి ఎదురుపడింది టెమారి. ఆమె చేతిలో పేద్ద ఇనుప విసనకర్ర. ఒక్క విసురు విసిరితే గాలి కత్తిలా కోస్తుంది. మనవాడి దగ్గరున్నది ఒకటే విద్య. తన నీడను నేలమీద సాగదీసి ఎదుటివాళ్ల నీడకి కలిపేస్తాడు. ఇక వాళ్లు సొంతంగా కదల్లేరు. ఇతను చెయ్యెత్తితే వాళ్లూ ఎత్తాల్సిందే.

ఆ నీడకి హద్దుంది. ఎంత దూరమంటే అంత దూరం సాగదు. టెమారి తెలివైన పిల్ల. రెండుమూడుసార్లు తప్పించుకునేసరికే ఆ హద్దు పసిగట్టేసింది. నేలమీద గీత గీసి, ‘నీ నీడ ఇంతవరకే, దీని ఇవతల నన్నేం చెయ్యలేవు’ అన్నట్టు నిలబడింది. మామూలు హీరో అయితే ఇక్కడ ఏం చేస్తాడు? గట్టిగా అరుస్తాడు. కళ్లు ఎర్రబడతాయి. ఎక్కడినుంచో కొత్త శక్తి పుట్టుకొస్తుంది. షికమారు గోడ పక్కన కూర్చుని, రెండు చేతుల వేళ్లూ కలిపి కళ్లు మూసుకున్నాడు. ఆలోచిస్తున్నాడు.

ఈలోగా సూర్యుడు కిందికి దిగుతున్నాడు. స్టేడియం గోడ నీడ పెరుగుతోంది. తన నీడని గోడ నీడతో కలుపుకుంటే అందే దూరం కూడా పెరుగుతుంది. టెమారి గీసిన గీత అప్పుడే పాతబడిపోయింది! తర్వాత తన జాకెట్‌ని పారాచూట్‌లా గాల్లోకి వదిలాడు. దాని నీడ నేలమీద పడింది. అది ఇంకో మజిలీ. ఆమె దాన్ని కూడా గమనించి వెనక్కి తగ్గింది. తగ్గుతూ తగ్గుతూ ఒక గొయ్యి దగ్గరికొచ్చింది. అంతకుముందు మ్యాచ్‌లో నరుటో నేలలోంచి సొరంగం తవ్వుకుని పైకొచ్చిన గొయ్యి అది. సొరంగం లోపలంతా చీకటే. చీకటి కూడా నీడే కదా! షికమారు నీడ ఈ పక్క గోతిలో దిగి, ఆ పక్క గోతిలోంచి లేచి, వెనకనుంచి ఆమెను పట్టేసింది.

ఇప్పుడు అతను చెయ్యెత్తాడు. ఆమె చెయ్యి కూడా లేచింది. జనమంతా ఊపిరి బిగబట్టి చూస్తుంటే, ‘నేను విరమించుకుంటున్నా’ అన్నాడు.

కారణం సింపుల్. ఒంట్లో చక్ర శక్తి అయిపోయింది. ఇంకో కొన్ని సెకన్లు మించి ఆమెను పట్టి ఉంచలేడు. రెండొందల ఎత్తులదాకా లెక్కవేసుకున్నా ఆ పైన ఏమీ మిగల్లేదు. రికార్డు ప్రకారం ఓడిపోయాడు. కానీ ఆ విడత పరీక్షలో చూనిన్ అయింది అతనొక్కడే. టీమ్‌ని పనిమీద తీసుకెళ్లి, ఆపద వస్తే ప్రాణాలతో వెనక్కి తీసుకురాగలవాడెవడన్నదే పరీక్ష పెట్టినవాళ్లు వెతికింది. ఎక్కడ ఆపాలో తెలిసినవాడు వాళ్లకి దొరికాడు.

మార్కులు చూపించే కళ్లద్దం

దీనికి పూర్తిగా ఎదురుగా ఉండేది ‘డ్రాగన్ బాల్ జెడ్’. 1989లో టీవీకి ఎక్కిన ఈ సిరీస్ మొదట్లోనే స్కౌటర్ అనే పరికరం కనిపిస్తుంది. కంటికి తగిలించుకుంటే ఎదుటివాడి బలం ఎంతో అంకెల్లో చెప్పేస్తుంది. అంతరిక్షం నుంచి దిగిన రాడిట్జ్ ఒక రైతుని చూస్తాడు. 5 అని చూపిస్తుంది. చులకనగా నవ్వుతాడు. కాసేపటికి చిన్నపిల్లాడైన గోహాన్‌ని చూస్తే 710! మిషన్ పాడైందనుకుంటాడు. అదే పిల్లాడు కోపంతో దూసుకొచ్చి తలతో గుద్దితే రాడిట్జ్ కవచం పగిలిపోతుంది.

క్యాంపస్‌లో మీకు తగిలించే స్కౌటర్లేంటో నేను చెప్పక్కర్లేదు. సీజీపీఏ ఎంత? లీట్‌కోడ్‌లో ఎన్ని సాల్వ్ చేశావ్? బ్యాక్‌లాగ్స్ ఉన్నాయా? పక్కింటి ఆంటీ అయితే నేరుగా ‘ప్యాకేజీ ఎంత’ అనే అడుగుతుంది. ఈ అంకెలన్నీ అబద్ధాలని అనను. చాలా కంపెనీల గేటు దగ్గర 60 శాతం కటాఫ్ నిజంగానే ఉంటుంది, అది దాటకపోతే లోపలికి పిలవరు. కానీ అంకె ఒక క్షణం ఫొటో. ఆ కథలో భూమ్మీది ఫైటర్లు తమ బలాన్ని కావాలని దాచుకోగలరు, అవసరమైనప్పుడు పెంచుకోగలరు. స్కౌటర్‌ని నమ్ముకున్నవాళ్లు మోసపోయేది అక్కడే.

పైగా అంకెలకి అంతుండదు. రైతు దగ్గర 5తో మొదలైన లెక్క, ఫ్రీజా అనే విలన్ వచ్చేసరికి 5,30,000 అయింది. ఆ తర్వాత రచయిత అకిరా తొరియామా కూడా ఆ అంకెల్ని దాదాపు వదిలేశారు. మరి అంత ఫ్రీజా తోక కోసింది ఎవరనుకుంటున్నారు? గోకూ కాదు, బలంలో అతనికి ఆమడ దూరంలో ఉన్న పొట్టి క్రిలిన్. పళ్లెంలా తిరుగుతూ కోసుకుపోయే శక్తి చక్రం అతని విద్య. బలమంతా ఒక సన్నటి అంచు మీదికి తెస్తే ఎంత పెద్దవాడికైనా తెగుతుంది.

మన పంచతంత్రంలో కుందేలు సింహాన్ని బావి దగ్గరికి తీసుకెళ్లిన కథ గుర్తుందిగా? కుందేలు తన్నలేదు, కరవలేదు. దూకింది సింహమే, సొంత బలంతో.

ముందు హద్దు చెప్పాలి

ఇన్నేళ్లుగా యానిమే చూస్తూ నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. మంచి ఫైట్ ఎపిసోడ్‌లో తెలివి చివర్లో మెరవదు. ముందే పరిచి ఉంటుంది. నీడ ఎంత దూరం సాగుతుందో, గొయ్యి ఎక్కడుందో మనకి ముందే చూపిస్తారు. మనం చూసి కూడా పట్టించుకోం. అతను పట్టించుకుంటాడు. అంతే తేడా. చెప్పకుండా దాచి, చివర్లో ‘నాకు ఈ శక్తి కూడా ఉంది’ అంటే అది క్రియేటివిటీ కాదు, రచయిత సౌకర్యం. ఈ జబ్బు పెద్ద పెద్ద సిరీస్‌లకీ ఉంది. ‘నరుటో’ చివరి భాగాలకి కూడా తప్పలేదనే నేనంటాను, అభిమానులు తిట్టుకున్నా సరే.

అదే ‘నరుటో’ మొదటి రోజుల్లో ఏం చేశాడో చూడండి. గురువు కకాషీని జబూజా నీళ్ల గోళంలో బంధించాడు. జబూజా ఎక్కడ, స్కూల్ దాటి నిన్నగాక మొన్న వచ్చిన ఈ పిల్లలెక్కడ! గెలవడం అసాధ్యం. కానీ ఆ బంధం నిలవాలంటే జబూజా చెయ్యి గోళంలోనే ఉండాలి. అంటే ప్రశ్న ‘జబూజాని ఎలా ఓడించాలి’ అన్నది కాదు, ‘ఆ చెయ్యి బయటికి ఎలా తీయించాలి’ అన్నదే. సాసుకే పెద్ద షురికెన్ విసిరాడు. జబూజా పట్టుకున్నాడు. దాని నీడలోనే ఇంకోటి వచ్చింది. ఎగిరి తప్పించుకున్నాడు. ఆ రెండోది షురికెన్ కాదు, రూపం మార్చుకున్న నరుటో! వెనక్కి వెళ్లాక అసలు రూపంలోకొచ్చి కత్తి విసిరాడు. జబూజా చెయ్యి తీయక తప్పలేదు. రూపం మార్చుకోవడం ఆ స్కూల్లో అందరికీ నేర్పే మొదటి పాఠాల్లో ఒకటి. మన సీ లాంగ్వేజ్‌లో ఫర్ లూప్ లాంటిది.

ఇప్పుడు ఇంటర్వ్యూ గదిలోకి రండి. బాగా నలిగిన ప్రశ్న ఒకటుంది. ‘10 జీబీ ఫైల్ ఉంది, ర్యామ్ 1 జీబీనే. దాన్ని సార్ట్ చెయ్యి.’ బలంతో ఆలోచించేవాళ్లు వెంటనే క్విక్ సార్ట్ కోడ్ రాయడం మొదలుపెడతారు. మెమొరీలో పట్టదు బాబూ అంటే నోట మాట రాదు. కొందరికి ఎక్స్‌టర్నల్ సార్టింగ్ తెలుసు. ర్యామ్‌లో పట్టే ముక్కలుగా ఫైల్‌ని విడగొట్టి, ఒక్కో ముక్కని సార్ట్ చేసి డిస్క్‌లో పెట్టి, తర్వాత అన్నిటి మొదటి వరసలూ పక్కపక్కన పెట్టి చిన్నది ఏరుకుంటూ కలిపేయడం. మంచి సమాధానమే. షికమారు అయితే ముందు ఇంకో మాట అడుగుతాడు. ‘సార్, ఫైల్లో ఉన్నవి ఏంటి?’ అవన్నీ 0 నుంచి 100 లోపు మార్కులే అని తేలిందనుకోండి. 101 కౌంటర్లు పెట్టుకుని, ఫైల్‌ని ఒక్కసారి చదువుతూ ఏ మార్కు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి, అదే వరసలో తిరిగి రాసేస్తే అయిపోయింది. 1 జీబీ కాదు, పాత నోకియా ఫోన్ మెమొరీ చాలు!

ఆ ప్రశ్న అడగడమే గొయ్యి ఎక్కడుందో చూసుకోవడం. అమీర్‌పేటలో కొనుక్కొచ్చిన ప్రాజెక్ట్‌తో ఇది కుదరదు. అది ఏం చేస్తుందో బట్టీపట్టి చెప్పగలరు. ఎక్కడ ఆగిపోతుందో చెప్పలేరు. ‘వెయ్యిమంది ఒకేసారి లాగిన్ అయితే ఏమవుతుంది’ అనగానే దొరికిపోతారు.

అలాగని బలం వద్దా?

ఇలాంటి మాటలు విని ‘తెలివుంటే చాలు, ప్రాక్టీస్ ఎందుకు’ అనుకునేవాళ్లు ప్రతి క్లాసులో నలుగురుంటారు. షికమారు ఎందుకు ఆగిపోయాడో మర్చిపోకండి. ఐడియా అయిపోయి కాదు, ఒంట్లో సరుకు అయిపోయి. ఇంకో నిమిషం శక్తి ఉంటే ప్రమోషన్‌తో పాటు గెలుపూ వచ్చేది.

ఇంకో వైపు ‘వన్ పంచ్ మ్యాన్’ సైతామా. ఎవడినైనా ఒకే గుద్దు. హీరోల సంఘం పరీక్షకి వెళ్తే శారీరక పరీక్షల్లో ఫుల్ మార్కులు, రాతపరీక్షలో తుస్సు. మొత్తం 71 తెచ్చుకుని అంచుమీద గట్టెక్కి, అట్టడుగున సీ క్లాస్‌లో పడ్డాడు. పక్కనే శిష్యుడు జెనోస్‌కి నూటికి నూరు, ఎస్ క్లాస్. అక్కడ కూడా స్కౌటరే గెలిచింది, పాపం. సైతామా బలానికి రహస్యం రోజూ 100 పుషప్స్, 100 సిటప్స్, 100 స్క్వాట్స్, 10 కిలోమీటర్ల పరుగు. ‘సోలో లెవలింగ్’లో జిన్‌వూకి వచ్చే రోజువారీ టాస్క్ కూడా అచ్చం ఇదే. ఎవరు ఎవరిని చూసి నవ్వుకున్నారో మీరే తేల్చుకోండి.

రెండూ కలిసిన ఫైట్ చూడాలంటే నా ఓటు ‘ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్: బ్రదర్‌హుడ్’కి. 2009లో మొదలై 64 ఎపిసోడ్లలో ముగిసింది. ఇంటర్లో కెమిస్ట్రీ చదివినవాళ్లకి పండగే. అందులో గ్రీడ్ అనేవాడు ఒంట్లోని కార్బన్‌ని వజ్రంలా గట్టిపరుచుకుంటాడు. ఏ దెబ్బా తగలదు. ఎడ్వర్డ్ కాసేపు తన్నులు తిని, విషయం గ్రహిస్తాడు. కార్బనే కదా! పెన్సిల్ ముల్లులోని గ్రాఫైటూ, ఉంగరంలోని వజ్రమూ ఒకటే మూలకం, అణువుల అమరికే తేడా. ఆ అమరికను మార్చేస్తే కవచం పెళుసుబారుతుంది. తర్వాతి గుద్దు లోపలికి దిగుతుంది.

అదే సిరీస్‌లో కల్నల్ మస్టాంగ్, లస్ట్‌ల పోరాటం ఇంకా గొప్పది. మస్టాంగ్ నిప్పు పుట్టించేది గ్లవ్స్ రాపిడితో వచ్చే రవ్వతో. తడిస్తే పని చెయ్యవు. లస్ట్ పైపులు కోసి గదంతా నీళ్లు చేసేసింది. ఆ తర్వాత మస్టాంగ్ ఏం చేశాడో నేను చెప్పను. ఒక్కటి మాత్రం చెప్తా. అతని తెలివి తలుపు తీసిందంతే. ఎన్నిసార్లు చచ్చినా మళ్లీ లేచే లస్ట్‌ని, కడుపులో గాయంతో, పళ్ల బిగువున నిలబడి, ఒకసారి కాదు, రెండుసార్లు కాదు, ఆమె లేచినప్పుడల్లా కాల్చాడు. లేవడం మానేసేదాకా. అది పచ్చి మొండిబలం. ఐడియా వచ్చాక రాత్రి రెండింటిదాకా బగ్‌లు వెతికే పని ఉంటుంది చూశారా, అచ్చం అలాంటిది.

ఈ వీకెండ్ ఒక పని చెయ్యండి. ఆ సిరీస్ 19వ ఎపిసోడ్ పెట్టుకోండి. రూమ్మేట్‌ని కూడా కూర్చోబెట్టండి. మస్టాంగ్ గ్లవ్స్ తడిసిపోయి, ఇక అయిపోయాడు అనిపించిన చోట పాజ్ నొక్కండి. కాగితం తీసుకుని, ఆ గదిలో ఏమేం ఉన్నాయో ఇద్దరూ విడివిడిగా రాయండి: నీళ్లు, పక్కన సిగరెట్లు కాల్చే హావక్, ఇంకా ఏం కనపడితే అవి. పది నిమిషాలు టైమ్. ఆ తర్వాతే ప్లే నొక్కండి.