పొయ్యి మన రెండో పొట్ట

మొన్న ఎండాకాలంలో మా అమ్మాయి కొడుకు హైదరాబాదు నుంచి కొవ్వూరు వచ్చాడు. వాడు సంచీ దింపాడో లేదో, వాళ్ళ అమ్మమ్మ పెసరట్టు వెయ్యడానికి పెనం పెట్టింది. వీడేమో చేతులు జోడించి, "వద్దు అమ్మమ్మా! నేనిప్పుడు రా వీగన్‌ని. నిప్పు తగిలింది ఏదీ తిని ఇరవై రోజులైంది. పాలు, పెరుగు, నెయ్యి కూడా మానేశాను" అన్నాడు.

"పెరుగు కూడానా! మరి చివర్లో అన్నంలో ఏం కలుపుకుంటావురా?"

"అన్నమే లేదు అమ్మమ్మా!"

ఆవిడ పెనం దింపేసి నా వంక చూసింది. ఏళ్ళ తరబడి బళ్ళో సైన్సు పాఠాలు చెప్పిన మొగుడు ఇలాంటప్పుడు కూడా నోరు విప్పకపోతే ఇంకెందుకన్నట్టు ఉంది ఆ చూపు.

నేను వాణ్ణి కోప్పడలేదు. జీవాల మీద జాలితో పాలూ పెరుగూ మానుకున్నవాణ్ణి కోప్పడడానికి నేనెవర్ని? అయినా బలవంతాన పెట్టిన ముద్దా, బలవంతాన చెప్పిన పాఠమూ ఒంటబట్టవు. "ఆకలేస్తోందా?" అని మాత్రం అడిగాను.

"ఎప్పుడూ వేస్తూనే ఉంటుంది తాతయ్యా" అన్నాడు, పాపం, నిజాయితీగా.

మన కబుర్లకి ఆ ఆకలే మొదలు.

పచ్చి తిండి దీక్ష పట్టినవాళ్ళలో చాలామంది మధ్యలో వదిలేస్తారు. మనసు గట్టిది కాదని తమని తామే తిట్టుకుంటారు. తప్పు మనసుది కాదు నాయనా, లెక్కది. ఒక మనిషికి రోజుకి సుమారు 2000 కేలరీలు కావాలనుకుందాం. నూరు గ్రాముల కీరదోసలో ఉండేది 15 కేలరీలు. కీర ఒక్కటే తిని బతకాలంటే రోజుకి 13 కిలోలు నమలాలి. అరటిపళ్ళయితే ఇరవై దాకా లాగించాలి. వండిన అన్నమైతే కిలోన్నరతో సరిపోతుంది. వేరుశెనగ గుళ్ళు 350 గ్రాములు చాలు, కానీ ఉత్త గుళ్ళు అన్నేసి రోజూ తింటే పొట్ట ఊరుకోదు.

ఇక నమలడం సంగతి. చింపాంజీలు రోజుకి దాదాపు ఆరు గంటలు నములుతూనే ఉంటాయి. హార్వర్డ్‌లో మానవశాస్త్రం చెప్పిన రిచర్డ్ రాంగమ్ ఈ విషయం మీద 2009లో ఒక పుస్తకమే రాశాడు. మనిషిని మనిషిగా మలిచింది వంటేనని ఆయన వాదన. మన మెదడు ఒంటి బరువులో వందకి రెండు పాళ్ళే, తినే శక్తి మాత్రం వందకి ఇరవై పాళ్ళు. ఇంత ఒంటినీ ఇంత మెదడునీ పచ్చి తిండితోనే పోషించాలంటే రోజుకి తొమ్మిది గంటలకి పైగా తింటూ కూర్చోవాలని 2012లో బ్రెజిల్ శాస్త్రవేత్తలు లెక్కకట్టారు. అంత తీరిక ఎవరికుంది? తినడమే ఉద్యోగమైతే తప్ప.

"మిక్సీ ఉందిగా తాతయ్యా" అన్నాడు మనవడు. మంచి మాటే. మిక్సీ పళ్ళ పని చేస్తుంది. నిప్పు పని మాత్రం చెయ్యలేదు. అదేమిటో వాడికి చూపించాలని అమ్మమ్మనడిగి రెండు చెంచాల బియ్యప్పిండి తెచ్చాను. మీరూ చేసి చూడండి, పైసా ఖర్చు లేదు.

ఒక చెంచా పిండి గాజుగ్లాసులో వేసి చన్నీళ్ళు పోసి కలిపాం. పాలలాగా తెల్లగా అయింది. పది నిమిషాలు కదపకుండా ఉంచితే పిండి అడుగున సున్నంలా పేరుకుంది, పైన నీళ్ళు నీళ్ళలానే ఉన్నాయి. రెండో చెంచా చిన్న గిన్నెలో అన్నే నీళ్ళతో పొయ్యి మీద పెట్టి కలుపుతూ ఉన్నాం. కాసేపు ఏమీ కాలేదు. ఇంకాస్త వేడెక్కాక గరిటె ఉన్నట్టుండి బరువెక్కింది. నీళ్ళన్నీ ఏమయ్యాయో తెలియదు, గిన్నెలో చిక్కటి జావ! చల్లారాక ఎంతసేపు ఉంచినా పిండీ నీళ్ళూ విడిపోలేదు.

పిండి రేణువంటే గట్టిగా చుట్టిన దారపు ఉండ అనుకోండి. చన్నీళ్ళు ఆ ఉండని తడుపుతాయే గాని విప్పలేవు. వేడి 60, 70 డిగ్రీలకి చేరేసరికి పోగులు వదులై లోపలికి నీళ్ళు దూరతాయి, రేణువు ఉబ్బి పగులుతుంది. అప్పుడు మన లాలాజలంలోనూ పేగుల్లోనూ ఉండే ఎంజైములకి ఆ పోగు కొస దొరుకుతుంది, ఇక కత్తిరించుకుంటూ పోతాయి. ఉండ విప్పకుండా లోపలికి పంపితే కొంత తిన్నది తిన్నట్టే దిగువకి పోతుంది. పచ్చి బంగాళాదుంప, పచ్చి అరటికాయ అయితే మరీ మొండి. అరగడంలో మొదటి మజిలీ పొయ్యి మీదే అయిపోతోందన్నమాట. అందుకే నేను పొయ్యిని మన రెండో పొట్ట అంటాను. ఒంటికి పట్టాలంటే వంట కావాలి.

"మరి శ్రీరామనవమికి వడపప్పు, చలిమిడి పచ్చివే కదా?" అన్నాడు వాడు. భేష్! వడపప్పు నానబెట్టిన పెసరపప్పు. చలిమిడి తడిబియ్యం పిండిలో బెల్లం కలిపి చేసింది. ఉగాది పచ్చడి, పానకం, ఆఖరికి ఆవకాయ కూడా పొయ్యి ఎక్కని సరుకే. మన పెద్దవాళ్ళకి పచ్చిది తినడం రాక కాదు. ఎంత తినాలో తెలుసు. చలిమిడి ఎవరైనా నిమ్మకాయంత పెడతారు గాని పళ్ళెం నిండా వడ్డించరు. పండక్కి పచ్చిది పిడికెడు, పూటకి వండింది కడుపునిండా.

ఇక పచ్చిగా అసలు పనికిరానివి కొన్నున్నాయి. కందకి లేని దురద కత్తిపీటకెందుకని సామెత. ఆ దురద కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలది. సూక్ష్మదర్శినిలో చూస్తే సూదుల కట్టల్లా ఉంటాయి. చింతపండు పులుసులో ఉడికిస్తే దురద చాలావరకు పోతుంది. కర్రపెండలంలో సైనైడ్ పుట్టించే పదార్థం ఉంటుంది. సామర్లకోట, పెద్దాపురం వైపు సగ్గుబియ్యం తయారయ్యేది ఈ దుంపతోనే. తొక్క తీసి, తురిమి, కడిగి, వేడి చేసేసరికి ఆ విషం పోతుంది. రాజ్మా గింజలు పచ్చివి నాలుగైదు తిన్నా చాలు, వాంతులు పట్టుకోవచ్చు. బాగా మరిగే నీళ్ళలోనే అందులోని లెక్టిన్ విరుగుతుంది. మొక్కకి కాళ్ళు లేవు, పారిపోలేదు. తనని తినే నోటిని ఇలా శిక్షిస్తుంది. మనిషి నిప్పుతో ఆ శిక్ష తప్పించుకున్నాడు.

"మొలకలైతే మంచివే కదా?" మంచివే. కాని మొలక వచ్చే తడీ వెచ్చదనమే సూక్ష్మజీవులకీ పండగ. 2011లో జర్మనీలో ఒక రకం ఇ.కోలై సుమారు నాలుగు వేలమందిని పడేసింది. యాభై మందికి పైగా చనిపోయారు. కూపీ లాగితే తేలిందేమిటో తెలుసా? మెంతి మొలకలు! మన పోపులో చిటపటలాడే మెంతులే. పోపులో పడితే ఆ క్రిమి బతికి బట్టకట్టేది కాదు.

అప్పుడు వాడు తన అస్త్రం తీశాడు. "48 డిగ్రీలు దాటితే తిండిలో ఎంజైములు చచ్చిపోతాయి తాతయ్యా. చచ్చిన తిండి తినకూడదంటారు."

నాకు నవ్వొచ్చింది. రెంటచింతలలో మే నెల ఎండ ఆ అంకె పక్కదాకా వెళ్ళొస్తుంటుంది. అక్కడ డాబా మీద ఆరబెట్టిన మామిడి ఒరుగులు పచ్చివా, వండినవా? నవ్వు అలా ఉంచండి. ఆకులో ఉండే ఎంజైములు ఆకు అవసరాలకి పుట్టినవి, మన అరుగుదలకి కాదు. పైగా అవి కూడా ప్రోటీన్లే. మన పొట్టలోని ఆమ్లంలో పడగానే చాలావరకు చితికిపోతాయి. మనకి కావలసిన ఎంజైములు మన క్లోమం తయారుచేసుకుంటుంది.

ఇంతవరకూ ఒకవైపే చెప్పాను. పచ్చి తిండివాళ్ళు చెప్పే దాంట్లో నిజం లేకపోలేదు. సి విటమిను వేడికి తగ్గిపోతుంది. ఆకుకూర ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తే ఫోలిక్ ఆమ్లం కూడా తూముపాలే. అయితే టమాటాలోని ఎర్రరంగు లైకోపీన్, క్యారెట్‌లోని కెరోటిన్ కాస్త నూనె వేసి ఉడికిస్తేనే ఒంటికి బాగా అందుతాయి. జామకాయ కొరుక్కుతిను, టమాటా పప్పులో వెయ్యి. అంతే తేడా.

ఫోలిక్ ఆమ్లం అనగానే మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలుచుకోకుండా ఉండలేను. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం 1945లో దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. రక్తహీనతకి అదో వరం. దాని జంట విటమిను బి12. ఆయన కన్నుమూసిన 1948లోనే దాన్ని స్ఫటికాలుగా వేరుచేశారు. చిక్కంతా ఈ జంటలో ఉంది.

బి12ని ఏ మొక్కా తయారుచెయ్యదు. సూక్ష్మజీవులే చేస్తాయి. తిండిలో అది మనకి ముఖ్యంగా జంతువుల ద్వారానే అందుతుంది. మాంసం ముట్టని ఇళ్ళలో దానికున్న దారి పాలూ పెరుగూ. కాలేయంలో కొన్నేళ్ళకి సరిపడా నిలవ ఉంటుంది కాబట్టి, మానేసిన మొదటి ఏడాది "నాకేం కాలేదుగా" అనిపిస్తుంది. నిలవ తరిగాక మామూలుగా అయితే రక్తం పలచబడి పరీక్షలో దొరికిపోవాలి. పచ్చి ఆకులు దండిగా తినేవాడి ఒంట్లో ఫోలిక్ ఆమ్లం సమృద్ధిగా ఉండి ఆ రక్తహీనతని కప్పిపుచ్చవచ్చు. పైకి దొర, లోపల నరాలు దెబ్బతింటుంటాయి. అరికాళ్ళలో తిమ్మిరి, చేతుల్లో సూదులు గుచ్చినట్టుండడం, మతిమరుపు. ఆలస్యమైతే కొంత నష్టం తిరిగి రాదు.

"చూశావా, మీ అమ్మమ్మ అడిగిన మొదటి ప్రశ్నే అసలు ప్రశ్న. పెరుగు కూడానా అంది!"

వంటింట్లోంచి దగ్గు వినిపించింది. విన్నదన్నమాట.

ఇదంతా ఉత్త భయం కాదు. జర్మనీలో ఎక్కువగా పచ్చి తిండి మీద ఉండేవాళ్ళని 513 మందిని గీసెన్ విశ్వవిద్యాలయం వాళ్ళు పరిశీలించి 1999లో ఫలితాలు ప్రకటించారు. ఆ తిండికి మారాక మగవాళ్ళు సగటున పది కిలోలు, ఆడవాళ్ళు పన్నెండు కిలోలు తగ్గారు. బరువు తగ్గడం బాగానే ఉంది గాని, 45 ఏళ్ళలోపు ఆడవాళ్ళలో సుమారు 30 శాతం మందికి నెలసరి గతి తప్పింది, కొందరికి పూర్తిగా ఆగిపోయింది. చాలినంత తిండి అందడం లేదని ఒళ్ళు చెప్పే మాట అది. 2005లో ప్రకటించిన మరో జర్మనీ పరిశీలనలో 201 మందికి రక్తపరీక్ష చేస్తే 38 శాతం మందికి బి12 లోపం బయటపడింది.

పట్టుదల చాలకే ఇదంతా అంటావేమో. పట్టుదలకి గాంధీగారిని మించినవాడెవడు? ఆయన 1893లో దక్షిణాఫ్రికా ప్రిటోరియాలో ఒకసారి వండని తిండి ప్రయోగం చేశారు. పళ్ళు నొప్పెట్టాయి, నీరసం వచ్చింది, కొద్దిరోజుల్లో మానేశారు. మళ్ళీ 1929 వేసవిలో ఆంధ్ర పర్యటనకి వచ్చినప్పుడు, ఇదిగో మన గోదావరి అవతలి ఒడ్డున రాజమండ్రిలో, సుందరం గోపాలరావు అనే ప్రకృతి వైద్యుడు కలిశాడు. ఆయన మాటలు విని గాంధీగారు మళ్ళీ మొదలుపెట్టారు. మొలకెత్తిన గోధుమలు, నూరిన బాదంపప్పు, నూరిన ఆకులు, నిమ్మకాయలు, తేనె. ఆ సంగతులు తన 'యంగ్ ఇండియా'లో రాశారు. ఆగస్టు నాటికి జిగట విరేచనాలు పట్టుకున్నాయి. మేకపాల దగ్గరికి తిరిగొచ్చి, ఆ సంగతి కూడా అదే పత్రికలో దాచకుండా రాశారు. ప్రయోగం చేసేవాడు అలా ఉండాలి, ఓడిన లెక్క కూడా చూపించాలి.

మా వాడు ఆ రాత్రి ఏమీ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్నే వచ్చి, "తాతయ్యా, పాలూ పెరుగూ మాత్రం ముట్టను. అన్నం, పప్పు తింటాను. బి12కి మాత్ర వేసుకుంటాను. అది సూక్ష్మజీవుల చేత చేయించేదేగా?" అన్నాడు. అవునన్నాను. న్యాయమైన బేరం. వాళ్ళ అమ్మమ్మ నెయ్యి లేకుండా నువ్వులనూనె వేసి ముద్దపప్పు పెట్టింది, పక్కన కీరదోస ముక్కలూ, ఒక జామకాయా. వాడు ఇరవై నిమిషాల్లో తినేసి లేచాడు. ఆకలని సాయంత్రం దాకా అనలేదు.

మీ ఇంట్లోనూ ఎవరైనా ఈ దీక్ష పడితే ఎగతాళి చెయ్యకండి. కూరలు బాగా కడగమనండి, ఏడాదికోసారి బి12 పరీక్ష చేయించండి, డాక్టరుతో మాట్లాడి మాత్ర వేయించండి. ఎదిగే పిల్లల మీదా, కడుపుతో ఉన్నవాళ్ళ మీదా, పాలిచ్చే తల్లుల మీదా మాత్రం ఈ ప్రయోగం వద్దు.