చేపల పెట్టెలో ఐసు ఎంతసేపు నిలుస్తుంది?

తెల్లవారకముందే రేవులో పాట పాడి కొన్న చేపలు మెట్ట ఊళ్ల సంతకు చేరేసరికి ఎండ నడినెత్తికి వస్తుంది. ఈలోగా ఐసు కరిగిపోయిందంటే చేప మెత్తబడుతుంది, మొప్ప రంగు మారుతుంది, బేరం సగానికి పడిపోతుంది. కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం వైపు నుంచి చేపలు తెచ్చి అమ్ముకునే ఆడవాళ్లకు వేసవిలో ఈ నష్టం తప్పదు. ఏ పెట్టెలో ఐసు నిలుస్తుందో వారికి అనుభవం మీద తెలుసు. ఎంత నిలుస్తుందో అంకెల్లో తేల్చే పద్ధతి మాత్రం డిగ్రీ కాలేజీల ఫిజిక్స్ ల్యాబుల్లో ఉంది.

దానిని లీస్ డిస్క్ ప్రయోగం అంటారు. సి.హెచ్. లీస్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1890లలో దీనిని రూపొందించాడు. స్టాండుకు మూడు దారాలతో దళసరి ఇత్తడి బిళ్ల వేలాడుతూ ఉంటుంది. దాని మీద పరీక్షించవలసిన వస్తువును, అట్ట గానీ రబ్బరు గానీ ఎబొనైటు గానీ, అంతే గుండ్రంగా, పల్చగా కత్తిరించి పెడతారు. ఆపైన ఆవిరి డబ్బా. పైన ఒకటి, కింద ఒకటి థర్మామీటర్లు. ఆవిరి వదిలాక ముప్పావు గంటో గంటో కాచుకుని ఉండాలి. అట్టలోంచి దిగే వేడీ, కింది బిళ్ల గాలిలోకి వదిలే వేడీ సమానమైనప్పుడు రెండు థర్మామీటర్లూ కదలకుండా నిలబడతాయి.

అప్పుడు అట్ట తీసేసి, బిళ్లను ఇంకో పది డిగ్రీలు వేడెక్కించి, చల్లారనిస్తూ అర నిమిషానికొకసారి డిగ్రీలు రాసుకుంటారు. మొదట నిలబడిన డిగ్రీ దగ్గర బిళ్ల ఎంత వేగంగా చల్లారుతున్నదో తెలిస్తే, అట్టలోంచి సెకనుకు ఎంత వేడి దాటిందో తేలుతుంది. అట్ట తీసేశాక బిళ్ల పై ముఖం కూడా గాలికి తెరుచుకుంటుంది కనుక ఆ మేరకు లెక్క సవరించాలి. గంటసేపు కూర్చోలేక పక్కవాడి రికార్డు చూసి అంకెలు దించుకునే కుర్రవాళ్లకు ఇదంతా ఎక్కడ తెలుస్తుంది!

థర్మోకోలుకు ఈ పద్ధతి పనికిరాదు. ఆవిరి వేడికి ముక్క ముడుచుకుపోతుంది. అందుకని దానిని రెండు పలకలుగా తీసుకుని, మధ్యలో కరెంటుతో సన్నగా వేడెక్కే ప్లేటు పెట్టి, బయటివైపు చల్లని ప్లేట్లు బిగిస్తారు. అంచుల నుంచి వేడి పక్కకు జారిపోకుండా చుట్టూ మరో వేడి పట్టీ కాపలా ఉంటుంది. ఎన్ని వాట్ల కరెంటు ఖర్చయిందో అంత వేడి పలకలు దాటినట్టు. మన దేశంలో దీనికి ఐ.ఎస్. 3346 అనే ప్రమాణం ఉంది.

ఒక మీటరు మందం, చదరపు మీటరు వైశాల్యం ఉన్న దిమ్మకు రెండు పక్కలా ఒక డిగ్రీ తేడా ఉంటే దాటే వేడిని వాట్లలో చెబుతారు. ఇనుముకు అది 50కి పైన. కలపకు 0.14 దాకా. థర్మోకోలుకు సుమారు 0.035. గట్టి పాలీస్టైరీన్ ప్లాస్టిక్కు 0.13 ఉంటే, అదే ప్లాస్టిక్కును ఉబ్బించి చేసిన థర్మోకోలుకు దానిలో నాలుగో వంతే. అంటే వేడిని ఆపుతున్నది ప్లాస్టిక్కు కాదు, గింజల్లో చిక్కిన గాలి.

చుట్టూ కలిపి చదరపు మీటరు ఉన్న పెట్టెకు రెండున్నర సెంటీమీటర్ల థర్మోకోలు గోడ ఉండి, బయట 35 డిగ్రీల ఎండ ఉంటే గంటకు అర కిలో ఐసు కరుగుతుంది. అంతే మందం కలప పెట్టెలో ఈ లెక్కన రెండు కిలోలు పోవాలి. గోడను అంటి ఉండే గాలి పొర కూడా కొంత అడ్డుపడుతుంది కనుక నిజానికి అంతకన్నా తక్కువే పోతుంది. అయినా ఆరు గంటల దారిలో తేడా కిలోల్లోనే ఉంటుంది.

ఈ అంకెలన్నీ పొడి పెట్టెకు. అంచులు చిట్లి గింజలు రాలిన పాత పెట్టెలో గాలి ఉండవలసిన చోట నీరు చేరుతుంది. నీరు వేడిని గాలి కంటే ఇరవై రెట్లకు పైగా దాటిస్తుంది. పెట్టె చూడడానికి అదే, పని మాత్రం సగమే.

పెట్టె కొనలేనివారికి వరి ఊక ఉంది. పొడి ఊకకు సుమారు 0.05 వస్తుంది. ఐదు సెంటీమీటర్ల థర్మోకోలు చేసే పని ఏడు సెంటీమీటర్ల ఊక చేస్తుంది. పెద్ద పెట్టెలో చిన్న పెట్టె పెట్టి, మధ్య సందులో పాలిథీన్ సంచుల్లో మూతి కట్టిన ఊకను కూరుకోవాలి. సంచి చిరిగి ఊక తడిసినరోజు మార్చవలసిందే.