టచ్‌స్క్రీన్ కంప్యూటరు – భుజం జాగ్రత్త!

భుజం నొప్పితో మా ఓ.పి.కి వచ్చేవారిని "మీరేం పని చేస్తారు?" అని తప్పకుండా అడుగుతాము. ఇదివరకు బరువులు మోసేవారు, బట్టలు ఉతికేవారు, బండి మీద నుండి పడినవారు ఎక్కువగా కనిపించేవారు. ఇప్పుడు వారితోపాటు దుకాణంలో బిల్లు కొట్టే అమ్మాయిలు, కౌంటరులో టోకెన్లు ఇచ్చేవారు కూడా వస్తున్నారు. "బరువు పని ఏమీ లేదు సిస్టర్, రోజంతా తెర మీద వేలితో నొక్కడమే" అంటారు. వేలు చేసే పనికి భుజం ఎందుకు నొప్పి పుడుతుంది? ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే ఈ నొప్పిని చాలావరకు రాకుండా చూసుకోవచ్చు.

ఇక్కడ మనం మాట్లాడుకునేది చేతిలో పట్టుకునే సెల్‌ఫోను గురించి కాదు. బల్ల మీద నిలబెట్టి, తెరను వేలితో తాకుతూ పనిచేసే పెద్ద కంప్యూటరు గురించి. దుకాణాలలో, ఆఫీసులలో, ఆసుపత్రి కౌంటర్లలో, కొందరి ఇళ్ళలో కూడా ఇవి ఉన్నాయి. మౌస్ పట్టుకోవడం రాని పెద్దవారికి కూడా ఇది సులువు. కావలసిన బొమ్మ మీద వేలు పెడితే చాలు. అందువల్ల ఈ యంత్రం చెడ్డదని చెప్పడం మా ఉద్దేశం కాదు. దానిని ఎక్కడ పెట్టాలి, ఎంతసేపు తాకాలి అన్నదే అసలు విషయం.

సెలైన్ బాటిల్ నేర్పే పాఠం

రోగిని వార్డు నుండి థియేటరుకు స్ట్రెచర్ మీద తీసుకువెళ్ళేటప్పుడు పక్కన ఒకరు సెలైన్ బాటిల్ పైకెత్తి పట్టుకుని నడవడం మీరు చూసే ఉంటారు. ఆ బాటిల్ బరువు అర కిలో కంటే కొంచెం ఎక్కువ, అంతే. అయినా లిఫ్టు దగ్గర నాలుగు నిమిషాలు ఆగవలసి వస్తే పట్టుకున్నవారు చెయ్యి మార్చుకుంటారు. బరువు బాటిల్‌లో లేదు, చేతిలోనే ఉంది. మనిషి ఒక చెయ్యి బరువు శరీర బరువులో దాదాపు ఇరవయ్యో వంతు. 60 కిలోల మనిషికి సుమారు 3 కిలోలు. చెయ్యి కిందికి వేలాడుతుంటే ఆ బరువు మనకు తెలియదు. ముందుకు చాపి ఉంచితే ఆ 3 కిలోలనూ భుజం కండరాలే మోయాలి.

కండరానికి కదలిక ఇష్టం. నడిచేటప్పుడు, నీళ్ళు తోడేటప్పుడు కండరం బిగుస్తుంది, సడలుతుంది. సడలిన ప్రతిసారీ కొత్త రక్తం లోపలికి వస్తుంది. చెయ్యి ఒకే చోట ఎత్తి ఉంచితే కండరం బిగుసుకునే ఉండి, తనలోని సన్నని రక్తనాళాలను తానే నొక్కేస్తుంది. రక్తం తగ్గుతుంది, మంట పుడుతుంది, చెయ్యి వణుకుతుంది. కదలకుండా చేసే పని తేలికగా కనిపించినా కండరానికి కష్టమే.

ఇంకొక సంగతి. భుజం కీలు మీద ఒక ఎముక ఇంటి చూరులాగా ముందుకు వచ్చి ఉంటుంది. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడులాంటి భాగాన్ని టెండాన్ అంటారు. అలాంటి టెండాన్ ఒకటి ఈ చూరు కింద నుండి పోతుంది. చేతిని భుజం ఎత్తుకు, అంతకంటే పైకి లేపినప్పుడు ఆ సందు ఇరుకై టెండాన్ నలుగుతుంది. రోజుకు వందలసార్లు ఇలా నలిగితే వాపు వస్తుంది. అప్పుడు జడ వేసుకోవడానికి, చొక్కా తొడుక్కోవడానికి కూడా చెయ్యి లేవదు.

మీకు మీరే పరీక్షించుకోండి. గోడకు ఎదురుగా కూర్చుని, మీ కళ్ళ ఎత్తులో గోడ మీద ఒక చుక్క ఊహించుకుని, దానివైపు వేలు చాపి ఉంచండి. గడియారం చూసుకోండి. ఎన్ని నిమిషాలు ఉంచగలరో మీకే తెలుస్తుంది. భుజం నొప్పి ఇప్పటికే ఉన్నవారు ఈ పరీక్ష చేయవద్దు.

దీనికొక పేరు కూడా ఉంది

తాకే తెర నిన్నమొన్నటిది కాదు. 1965లో ఇంగ్లండులోని మాల్వెర్న్‌లో ఇ.ఎ.జాన్సన్ అనే ఇంజనీరు విమానాల రాకపోకలను నియంత్రించేవారి కోసం వేలితో తాకే తెర గురించి రాశారు. 1972లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ప్లేటో–4 అనే బోధన యంత్రానికి తాకే తెర అమర్చి విద్యార్థులకు పాఠాలు చెప్పారు. 1983లో హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీ హెచ్.పి.–150 అనే కంప్యూటరును అమ్మకానికి తెచ్చింది. 9 అంగుళాల తెర చుట్టూ కంటికి కనిపించని కాంతి కిరణాలు ఉండేవి. వేలు అడ్డం వస్తే ఎక్కడ తాకారో యంత్రానికి తెలిసేది.

ఆ రోజుల తెర నిలువుగా, ముఖానికి ఎదురుగా ఉండేది. కాసేపు వాడేసరికి చెయ్యి బరువెక్కి, తిమ్మిరెక్కి, గొరిల్లా చెయ్యిలాగా మొద్దుబారినట్టు అనిపించేది. అందుకే ఇంజనీర్లు ఈ బాధకు 'గొరిల్లా ఆర్మ్' అని పేరు పెట్టారు. 2009లో విండోస్–7, 2012లో విండోస్–8 వచ్చాక తాకే తెరలున్న బల్ల కంప్యూటర్లు మళ్ళీ మార్కెట్టు నిండా వచ్చాయి. ఆపిల్ కంపెనీ అధిపతి స్టీవ్ జాబ్స్ మాత్రం 2010 అక్టోబరులో, మేము పరీక్షించి చూశామనీ, నిలువు తెరను చాలాసేపు తాకుతూ ఉంటే చెయ్యి ఊడిపోతుందేమో అన్నంత అలసట వస్తుందనీ అందరి ముందూ చెప్పారు.

కన్ను కోరేది ఒకటి, చెయ్యి కోరేది ఇంకొకటి

మామూలు కంప్యూటరుకు డాక్టర్లు చెప్పే సలహా మీరు వినే ఉంటారు. తెర పై అంచు కళ్ళ ఎత్తులోగానీ కొంచెం కిందగానీ ఉండాలి. దూరం చెయ్యి చాచినంత, అంటే సుమారు 50 నుండి 70 సెంటీమీటర్లు ఉండాలి. కంటికీ మెడకూ ఇది మంచి సలహా.

ఆ తెరనే తాకవలసి వస్తే ఇదే సలహా భుజానికి శత్రువు అవుతుంది. చెయ్యి చాచినంత దూరంలో ఉన్న తెరను తాకాలంటే ప్రతిసారీ చెయ్యి పూర్తిగా చాచాలి. కళ్ళ ఎత్తులో ఉన్న బొమ్మను నొక్కాలంటే చెయ్యి భుజం కంటే పైకి లేవాలి. చేతికి కావలసింది వేరు. మోచెయ్యి పక్కటెముకలకు దగ్గరగా ఉండాలి, తెర దగ్గరగా, కిందుగా, పుస్తకం పెట్టుకునే బల్లలాగా వెనక్కి వాలి ఉండాలి.

సరే, తెరను బాగా కిందికి వాల్చేద్దామంటే ఇప్పుడు మెడ ఫిర్యాదు చేస్తుంది. మన తల బరువు సుమారు 5 కిలోలు. తల ముందుకు వంచినకొద్దీ మెడ వెనక కండరాల మీద భారం పెరుగుతుంది. పైగా వాలిన తెర అద్దంలాగా పైనున్న ట్యూబులైటును కళ్ళలోకి కొడుతుంది. కన్ను, మెడ, భుజం మూడింటినీ ఒకే భంగిమలో రోజంతా సుఖపెట్టడం కుదరదు.

ఈ చిక్కును తీర్చడానికి తయారీదారులు కదిలే స్టాండు చేశారు. 2011లో వచ్చిన హెచ్.పి. టచ్‌స్మార్ట్ 610 తెర 60 డిగ్రీల వరకు వెనక్కి వాలేది. 2016లో వచ్చిన మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ స్టూడియో 28 అంగుళాల తెరను బొమ్మలు గీసే బల్లలాగా దాదాపు పడుకోబెట్టవచ్చు. చదివేటప్పుడు నిలబెట్టి, తాకేటప్పుడు వాల్చుకోవడమే ఇందులోని తెలివి. ఇలాంటి స్టాండు ఉన్నా వాల్చుకోకుండా కొన్నరోజు ఎలా ఉందో అలాగే వాడితే ప్రయోజనం ఉండదు.

కొనేటప్పుడు చూడవలసినవి

1. స్టాండు: తెర ఎత్తు తగ్గాలి, వెనక్కి వాలాలి. వేలితో నొక్కినప్పుడు ఊగకూడదు. ఊగే తెరను మనం తెలియకుండానే ఎక్కువ బలంతో, రెండేసిసార్లు నొక్కుతాము.

2. అక్షరాలు, గడులు: నొక్కే గడి వేలి కొన కంటే చిన్నదైతే గురి కోసం చెయ్యి గాలిలో ఆగుతుంది, భుజం బిగుసుకుంటుంది. గడి కనీసం 9 మిల్లీమీటర్లు ఉంటే మేలు. చేతులు వణికేవారికి ఇంకా పెద్దవి కావాలి. సెట్టింగులలో సైజు పెంచుకోవచ్చు.

3. గడుల చోటు: తరచుగా నొక్కేవి తెర కింది సగంలో ఉండాలి. బిల్లింగ్ ప్రోగ్రాము చేసిచ్చేవారిని అడిగితే మార్చి ఇస్తారు.

4. కీబోర్డు, మౌస్: తప్పనిసరిగా విడిగా తీసుకోండి. అద్దం మీద టైపు చేసేటప్పుడు వేళ్ళను ఆనించి ఉంచడానికి వీలుండదు, ఆనిస్తే అక్షరం పడిపోతుంది. అందుకని చేతులు గాలిలోనే ఉంటాయి. తెర మీద తెలుగు అక్షరాలు కనిపించడం వల్ల టైపు రానివారికి రెండు మాటలు రాయడం సులువే. పెద్ద ఉత్తరం రాయాలంటే మాత్రం కీబోర్డు మీద తెలుగు అక్షరాల స్టిక్కర్లు అతికించుకోవడం మంచిది.

వాడేటప్పుడు పాటించవలసినవి

1. వేలిని చిన్న పనికి, కీబోర్డును పెద్ద పనికి వాడండి. ఒకటి రెండుసార్లు తాకి వదిలేసే పనికి టచ్ బాగుంటుంది. గంటల పనికి కాదు.

2. తెరను దగ్గరకు లాక్కోండి. మోచెయ్యి కొంచెం వంగి ఉండగానే అందాలి. ముందుకు వంగి అందుకోవలసి వస్తే తెర దూరంగా ఉన్నట్టే.

3. బల్ల మీద మోచెయ్యి ఆనించుకోండి. అంచు గట్టిగా ఉంటే మడిచిన తువాలు వేసుకోండి.

4. గట్టిగా నొక్కకండి. ఇప్పటి తెరలు చాలావరకు వేలి స్పర్శను విద్యుత్తు ద్వారా గుర్తిస్తాయి. బలం పెంచినా లాభం లేదు, వేలి కీళ్ళు నొప్పి పెట్టడం తప్ప.

5. ప్రతి అరగంటకు చేతులు కిందికి వదిలి, భుజాలను పదిసార్లు వెనక్కి గుండ్రంగా తిప్పండి. చెయ్యి మార్చి కూడా పనిచేయండి.

6. 20 నిమిషాలకొకసారి 20 అడుగుల దూరంలో ఉన్న వస్తువును 20 సెకన్లు చూడండి. రెప్పలు ఆర్పడం మరచిపోకండి.

7. రెండు పవర్ల కళ్ళద్దాలు వాడేవారు కింది గాజులో నుండి చూడడానికి గడ్డం పైకెత్తుతారు, దానితో మెడ పట్టేస్తుంది. వారికి తెర ఇంకా కిందుగా ఉండాలి.

8. పిల్లలకు పెద్దవారి బల్ల, కుర్చీ సరిపోవు. పెద్దవారికి ఛాతీ ఎత్తులో ఉండే తెర చిన్నపిల్లలకు తల ఎత్తులో ఉంటుంది. కుర్చీ మీద దిండు వేసి, కాళ్ళ కింద పీట పెట్టండి.

తెర శుభ్రత

పదిమంది వేళ్ళు తగిలే తెర తలుపు గడియలాంటిదే. కీబోర్డు సందులలోని మురికి తీయడం కష్టం, నున్నని తెరను తుడవడం సులువు. ఆసుపత్రులకు ఈ తెరల వల్ల కలిగే మంచి లాభం అది. ముందు కంప్యూటరు ఆపివేసి, కొద్దిగా తడిపిన మెత్తటి బట్టతో తుడవండి. తెర మీద నేరుగా నీళ్ళుగానీ మందుగానీ చల్లవద్దు. ఫినాయిలు, బ్లీచింగు వాడవద్దు. స్పిరిటు వాడవచ్చో లేదో కంపెనీ ఇచ్చిన పుస్తకం చూసి నిర్ణయించుకోండి. తెరను ఎంత తుడిచినా, తాకిన తరువాత చేతులు కడుక్కోవడం మానకూడదు.

ఎవరు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి?

షుగరు వ్యాధి ఉన్నవారిలో భుజం బిగుసుకుపోయే జబ్బు, అంటే ఫ్రోజెన్ షోల్డర్, మిగతావారి కంటే ఎక్కువగా వస్తుంది. 40 నుండి 60 ఏళ్ళ మధ్య వయసువారిలో, ముఖ్యంగా స్త్రీలలో ఇది ఎక్కువ. తెరను తాకడం వల్లే ఈ జబ్బు వస్తుందని చెప్పలేము. ఇప్పటికే పట్టేస్తున్న భుజంతో రోజంతా చెయ్యి చాపి పనిచేస్తే మాత్రం బాధ పెరుగుతుంది. వీరు షుగరు అదుపులో ఉంచుకోవాలి. నొప్పి ఉంది కదా అని చెయ్యి కదపడం పూర్తిగా మానేయకూడదు. ఫిజియోథెరపీలో చూపించిన కసరత్తులు రోజూ చేయాలి.

ఈ లక్షణాలుంటే డాక్టరును కలవండి: రాత్రి నిద్ర చెడగొట్టే భుజం నొప్పి, చెయ్యి వెనక్కి గానీ పైకి గానీ పోకపోవడం, మెడ నుండి వేళ్ళ దాకా తిమ్మిరి, చేతిలో పట్టు తగ్గడం. నొప్పి మాత్రలు కొనుక్కుని వారాల తరబడి మింగవద్దు. భుజం నొప్పితోపాటు గుండెల్లో బరువు, చెమటలు, ఆయాసం ఉంటే అది కంప్యూటరు వల్ల అనుకుని ఇంట్లో కూర్చోవద్దు. గుండెపోటు కావచ్చు. వెంటనే ఆసుపత్రికి రండి.

చివరగా దుకాణాలు, ఆఫీసులు నడిపేవారికి ఒక మనవి. మీ కౌంటరులో పనిచేసే అమ్మాయి తెర ఎత్తును తనంతట తాను మార్చుకోలేదు. మార్చమని అడగడానికి కూడా జంకుతుంది. ఈ వారం ఒక పది నిమిషాలు ఆమె కుర్చీలో మీరు కూర్చుని బిల్లు కొట్టి చూడండి. మీ చెయ్యి భుజం పైకి లేస్తుంటే తెరను కిందికి దించి, దగ్గరకు జరిపి, వెనక్కి వాల్చండి. పక్కన ఒక మౌస్ పెట్టండి. దీనికయ్యే ఖర్చు ఆమె ఒక నెల మందుల ఖర్చు కంటే తక్కువే ఉంటుంది.