లూప్ తీయించుకున్న తరువాత సంతానం ఆలస్యమైతే...

"లూప్ వేయించుకోబట్టే మా కోడలికి మళ్ళీ కడుపు పండలేదు" అను మాట మా వైద్యశాలలో వినపడని మాసం లేదు. 1965లో మన దేశపు కుటుంబ నియంత్రణ కార్యక్రమంలోకి పాము మెలికల వంటి లిప్పిస్ లూప్ వచ్చింది. దాని స్థానంలో రాగి చుట్టిన కాపర్-టి వచ్చి దశాబ్దాలు గడిచినా, వాడుకలో పేరు లూప్‌గానే నిలిచింది. పేరుతోపాటు పాత భయమూ నిలిచింది.

గర్భోత్పత్తికి ఋతువు, క్షేత్రం, అంబువు, బీజం అను నాలుగూ కూడవలెనని సుశ్రుతాచార్యుడు శారీరస్థానంలో చెప్పినాడు. అదను, దున్నిన నేల, నీరు, మంచి విత్తనం కూడితేనే గదా మొక్క మొలిచేది! రాగి లూప్ స్త్రీబీజం జోలికి పోదు. అండాశయాలు నెలనెలా తమ పని తాము చేస్తూనే ఉంటాయి. గర్భాశయ ద్రవంలో స్వల్పంగా కరిగే రాగి పురుషబీజాల చలనాన్ని అణచివేస్తుంది, అంతే. సాధనం తీసివేయగానే ఆ అడ్డు తొలగిపోతుంది. మరుసటి ఋతుచక్రంలోనే గర్భం ధరించినవారు ఎందరో ఉన్నారు. అలా కరిగే రాగి మనం రోజూ తినే ఆహారంలోని రాగి కంటె ఎంతో తక్కువ. కనుక "రాగి విషం కడిగివేస్తాం" అంటూ తీవ్ర విరేచనాలు, గర్భాశయ శుద్ధులు చేయించేవారిని నేను సమర్థించను. లేని విషానికి విరుగుడెందుకు?

ఈ భయానికి మూలం బొత్తిగా లేకపోలేదు. అమెరికాలో డాల్కన్ షీల్డ్ అను సాధనానికి అనేక పోగులు పేనిన దారం ఉండేది. ఆ పోగుల వెంట సూక్ష్మజీవులు గర్భాశయంలోకి ప్రాకి అనేకమందికి తీవ్రమైన శోథను కలిగించాయి. 1974లో దాని అమ్మకం నిలిచిపోయింది. నేటి సాధనాల దారం అటువంటిది కాదు. మెక్సికో నగరంలో నాళాలు మూసుకుపోయిన స్త్రీలను ఇతరులతో పోల్చి చూచిన అధ్యయనం 2001లో వెలువడింది. అందులో ఆ దోషానికి పూర్వపు రాగి లూప్‌తో సంబంధం కనబడలేదు. క్లమీడియా అను సుఖవ్యాధి ఆనవాళ్ళతో కనబడింది. మన దేశంలో గర్భాశయ క్షయను కూడ మరువరాదు. లూప్ వేసిన మొదటి మూడు వారాలలో మాత్రం శోథ భయం కొంత హెచ్చు. ఆ రోజులలో జ్వరం, పొత్తికడుపు నొప్పి, దుర్గంధంతో కూడిన తెలుపు కనిపిస్తే ఇంటి వైద్యంతో కాలక్షేపం చేయవద్దు.

అసలు చిక్కు వయస్సుతో వస్తుంది. కాపర్-టి 380ఎ పదేళ్ళు పనిచేస్తుంది. ఇరవై ఆరేళ్ళకు వేయించుకొని ముప్పై ఆరేళ్ళకు తీయించుకున్న స్త్రీకి క్షేత్రం చెడకపోయినా బీజబలం తగ్గి ఉంటుంది. అటువంటి ఒక ఇల్లాలు, రెండేళ్ళు ఊరూరా కషాయాలు త్రాగి, అత్తగారి నిష్ఠూరాలు భరించి నా వద్దకు వచ్చింది. భర్తకు వీర్యపరీక్ష చేయించారా అంటే, "మొదటి బిడ్డ పుట్టాడు గదండీ, నాకేం లోపం?" అన్నాడాయన. పరీక్షలో బీజాల సంఖ్య మిక్కిలి తక్కువగా తేలింది. పదేళ్ళలో పురుషుని దేహమూ మారుతుంది. ముప్పై అయిదేళ్ళలోపు వారు ఒక సంవత్సరం, అది దాటినవారు ఆరు నెలలు చూచి, దంపతులిద్దరూ పరీక్షకు వెళ్ళవలెను.

మరొక విచిత్రం. సంతానం కోసం పోయిన ఆసుపత్రిలోనే లూప్ వేశారని కొందరు బెదిరిపోతారు. గర్భాశయపు గోడలు ఒకదానికొకటి అతుక్కొని ఉంటే, దుర్బీనుతో చూస్తూ ఆ అతుకులను విడదీస్తారు. అవి మళ్ళీ కలిసిపోకుండ కొన్ని వారాలపాటు లూప్ గాని, చిన్న బెలూన్ గాని లోపల ఉంచే పద్ధతి ఉన్నది. అక్కడ లూప్ గర్భనిరోధానికి కాదు, క్షేత్రరక్షణకు. భయపడి మధ్యలో తీయించుకొనరాదు.

మరి మన వైద్యం చేయగలదేమి? పాలు, నెయ్యి, మినుములు, నువ్వులు, వైద్యుని సలహాపై శతావరి (పిల్లిపీచర) దేహపుష్టికి వాడుకొనవచ్చును. మూసుకుపోయిన నాళాన్ని ఇవి తెరువలేవు. లూప్ ఉన్నన్నాళ్ళు కొందరికి ముట్టు అధికంగా పోయి రక్తహీనత మిగిలిపోతుంది. గర్భానికి ముందే రక్తపరీక్ష చేయించి దానిని సరిదిద్దుకొనవలెను. ఫోలిక్ ఆమ్లం మాత్రలు కూడ గర్భం రాకముందే మొదలుపెట్టవలెను.

లూప్ ఉండగా ముట్టు తప్పితే మాత్రం నువ్వులూ బెల్లమూ తిని ముట్టు కోసం ఎదురుచూడవద్దు. అది గర్భం కావచ్చును, నాళంలో నిలిచిన గర్భమూ కావచ్చును. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళవలెను. దారం తగలడం లేదని "ఎప్పుడో జారిపోయి ఉంటుంది" అనుకొనేవారు స్కానింగ్, అవసరమైతే ఎక్స్-రే తీయించుకొని, అది లోపల లేదని నిర్ధారించుకున్న తరువాతనే సంతాన చికిత్సకు రావలెను.